పెరటి చెట్టు కింద చితాభస్మం పాతిపెడితే చెట్టుకు మంచిదేనా?

పాతిపెట్టొచ్చు. కానీ అది ఎరువవుతుందనుకుంటే పొరపాటే.

పొయ్యిలో కట్టెల బూడిద మొక్కలకు బలమని వింటుంటాం. చితాభస్మం ఆ బాపతు కాదు. దహనంలో నత్రజని దాదాపు మొత్తం పోతుంది. మిగిలేది ఎముకల పొడి, అంటే ఎక్కువగా కాల్షియం ఫాస్ఫేట్. అందులో భాస్వరం ఉన్నా వేళ్లకు సులువుగా అందదు.

అసలు చిక్కు ఉప్పుతో. సోడియం లవణాలు ఎక్కువగా ఉండటంతో నేల తడిగానే ఉన్నా వేరు నీళ్లు పీల్చుకోలేదు, ఆకుల అంచులు మాడిపోతాయి. పైగా క్షారగుణం కూడా ఎక్కువే, పీహెచ్ 11 దాకా ఉంటుంది. దాంతో ఇనుము అందక లేత ఆకుల్లో ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగిలి, మధ్యలో అంతా పసుపు రంగుకు తిరుగుతుంది.

బాగా ఎదిగిన చెట్టు దీన్ని చాలావరకు తట్టుకుంటుంది. నిన్నమొన్న నాటిన మొక్క గుంతలో రెండు మూడు కిలోల భస్మం ఒకేచోట పోస్తే మాత్రం కష్టం. మట్టిలో కలిసిపోయే పాత్రలో పెట్టినా అంతే. పాత్ర కరుగుతుంది, లోపలి ముద్ద అలాగే ఉండిపోతుంది.

నేనైతే భస్మం కొద్దిగానే వాడతాను. దానికి ఎన్నో రెట్లు మట్టి, బాగా చివికిన కంపోస్టు కలిపి, మొదలుకు దూరంగా, కొమ్మల నీడ అంచున పలచగా చల్లి, నేల పైపొరలో కలుపుతాను. ఆపైన కొన్నాళ్లు ధారాళంగా నీళ్లు పెడితే ఉప్పు కిందికి దిగిపోతుంది. నీళ్లు నిలిచే నేలైతే ఈ చిట్కా పనిచేయదు.