డీలర్ దగ్గర కొన్న పాత కారులో లోపం: కారు ఉంచుకుని కొంత డబ్బు రాబట్టడం ఎలా?

సెకండ్ హ్యాండ్ కారు కొన్న నెలకే గేర్లు సరిగ్గా పడటం లేదు; కారు తిరిగివ్వాలని మీకు లేదు, రిపేరు ఖర్చు మాత్రం డీలర్ భరించాలి. అలాంటప్పుడు ముందే బయటి మెకానిక్‌తో గేర్‌బాక్స్ విప్పించకండి. విప్పితే "మీరే చెడగొట్టారు" అంటాడు డీలర్. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో జాబ్ కార్డు (కారు సమస్య నమోదు చేసిన కాగితం), స్పేర్లు, లేబర్, జీఎస్టీ విడివిడిగా వేసిన ఎస్టిమేట్ తీసుకోండి. అక్కడే పాత సర్వీస్ హిస్టరీ అడగండి. అదే ఫిర్యాదు అమ్మకానికి ముందే నమోదై ఉన్నా, అప్పటి కిలోమీటర్లు ఇప్పటి మీటర్ కంటే ఎక్కువున్నా, అంతకన్నా బలమైన కాగితం దొరకదు.

క్లచ్ ప్లేట్, బ్రేక్ ప్యాడ్‌ల లాంటి అరిగే భాగాలను లెక్కలోంచి తీసేయండి. అవి కలిపితే అసలు వాదన పలచబడుతుంది. మిగిలిన మొత్తానికి 15 రోజుల గడువుతో డీలర్‌కు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ప్రకటన, వాట్సాప్ హామీల స్క్రీన్‌షాట్లు జతచేయండి. డబ్బు ఖాతాలో పడేదాకా "ఇక ఏ క్లెయిమూ లేదు" అన్న కాగితంపై సంతకం వద్దు.

డీలర్ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్, ఆపై మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్. అక్కడ ఫిర్యాదుకు గడువు 2 ఏళ్లు. కారుకు చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఈలోగా రిపేరు తప్పకపోతే తీసిన భాగాలు స్క్రాప్‌కు ఇవ్వకండి, కమిషన్ నిపుణుడి పరీక్ష అడగవచ్చు.