బుగ్గలంటే (బెలూన్లంటే) భయపడేవాళ్ల ఇంటికి బుగ్గల బొమ్మలు చేసే పనికి పోయినప్పుడు

తమ్ముడూ,

మొన్న హన్మకొండ దావత్‌లో నీ చేతిలో బుగ్గ పగిలి పాప గుక్కపట్టి ఏడ్చిందని, వాళ్ల నాన్న నిన్ను అందరి ముందు కోప్పడ్డాడని చెప్పావు. ఫోన్‌లో సగమే మాట్లాడుకున్నాం, మిగతాది రాస్తున్నా.

చాలామందికి భయం ఆ చప్పుడుతోనే. అది ఎప్పుడు పగులుతుందో తెలియకపోవడం ఇంకా పెద్ద టెన్షన్. అందుకే బుగ్గ గది చివర ఉన్నా వాళ్ల చూపు దాని మీదే ఉంటుంది. కొందరికి బొమ్మ కోసం బుగ్గను మెలితిప్పేటప్పుడు వచ్చే కీచు చప్పుడు కూడా పడదు.

ఇది పిల్లలకే అనుకోకు. నేను కొత్తగా పని మొదలుపెట్టినప్పుడు కాజీపేటలో ఒక పుట్టినరోజుకి పోయాను. ఇంటావిడ వంటింటి గుమ్మం దాటలేదు. కేక్ కోసేటప్పుడు కూడా కొంగు చెవులకు అదుముకుని అక్కడే నిలబడింది. సిగ్గుపడుతోందనుకుని కుక్కపిల్ల బొమ్మ చేసి, "తీసుకో అక్కా" అంటూ దగ్గరికి పోయాను. ఆమె గోడకు ఒత్తుకుపోయింది, చేతులు వణుకుతున్నాయి. సొంత కొడుకు పుట్టినరోజు ఫొటోల్లో ఆ తల్లి లేదు. ఆ తప్పు నాది. తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అప్పటి నుంచి బుకింగ్ ఫోన్‌లోనే అడుగుతున్నా: "ఇంట్లో ఎవరికైనా బుగ్గలు పడవా?" పడవంటే కారణం తవ్వకు. కొందరికి రబ్బరుతో దురద, ఆయాసం కూడా వస్తాయి. అలాంటి ఇంటికి రబ్బరు బుగ్గలే వద్దు, కాగితం పూలతో డెకరేషన్ చేసిపెట్టు. కేక్ మీద పగలగొట్టే పెద్ద బుగ్గ సంగతి కూడా ముందే తేల్చుకో. వద్దంటే అడ్వాన్స్‌లో ఆ డబ్బు తిరిగిచ్చెయ్.

భయం ఉన్నా బొమ్మ కావాలనే పిల్లలు ఉంటారు. వాళ్ల కోసం మన 260 బుగ్గను, అదే బొమ్మలు చేసే సన్నని పొడుగు బుగ్గను, నిండా ఊదకు. మామూలుగా తోక (గాలి ఊదని చివర) రెండు మూడు వేళ్లు వదులుతాం కదా, వాళ్లకు జానెడు వదులు. మెలితిప్పినప్పుడు గాలి అటు జరుగుతుంది, బుగ్గ మెత్తగా ఉంటుంది. పిల్లను కూర్చున్నచోటే ఉండనివ్వు, నువ్వే నాలుగడుగులు వెనక్కి జరుగు. "ఆపమంటే ఆపేస్తా" అని చెప్పు, ఆపమనగానే నిజంగా ఆపు. ఫొటో కోసం పిల్లను ముందుకు నెట్టే పెద్దలుంటారు. వాళ్లకు మర్యాదగా, గట్టిగా అడ్డుచెప్పు.

పని అయ్యాక మిగిలినవాటిని గుచ్చి పగలగొట్టొద్దు. ముడి పక్కన మెడ దగ్గర రబ్బరు వదులుగా ఉంటుంది. అక్కడ రెండు వేళ్లతో పట్టి లాగి, కత్తెరతో చిన్న గాటు పెట్టు. బుస్సుమని గాలి పోతుంది, చప్పుడు రాదు. ముక్కలన్నీ ఏరి సంచిలో వెయ్, పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడతాయి.

మే నెల ఎండలో, ఎండుగడ్డి ఉన్న లాన్‌లో ఎంత మంచి బుగ్గైనా పగులుతుంది. నీడలో నిలబడు. ఐనవోలు జాతరలాంటి చోట తుపాకీతో బుగ్గలు కాల్చే దుకాణం కనపడితే నీ బుగ్గలు దానికి దూరంగా పెట్టుకో.

ఆ పాప వాళ్ల నాన్నకు రేపు ఒకసారి ఫోన్ చెయ్. బాకీ డబ్బుల మాట ఎత్తకు. పాప ఎట్లుందో అడుగు.

మీ అన్న