బాబుకి రాత్రిపూట పొత్తికడుపు నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగొచ్చా?

ప్రశ్న దేవరకొండ దగ్గరి ఊరి నుంచి: పదమూడేళ్ల బాబుకి రాత్రి ఉన్నట్టుండి పొత్తికడుపులో నొప్పి, రెండు వాంతులు. గ్యాస్ గోళీ వేసి పొద్దున చూద్దామా?

ఆగొద్దమ్మా. ముందు వృషణాల్లో (బీజాల్లో) నొప్పి ఉందేమో అడగండి. ఈ వయసు పిల్లలు సిగ్గుతో కడుపునొప్పి అనే చెప్తారు. మీతో చెప్పలేకపోతే వాళ్ల నాన్నని చూడమనండి. ఒకవైపు వాచినా, ముట్టుకోనివ్వకపోయినా, బీజం పైకి జరిగి అడ్డంగా ఉన్నా అది మెలిపడి ఉండొచ్చు.

వృషణానికి రక్తం ఒక తాడులాంటి దానిలోంచి వెళ్తుంది. అది మెలితిరిగితే రక్తం ఆగిపోతుంది. సుమారు 6 గంటల్లోపు ఆపరేషన్ చేసి మెలి విప్పితే చాలావరకు దక్కుతుంది. 24 గంటలు దాటితే ఎక్కువసార్లు తీసేయాల్సి వస్తుంది. ఈ లెక్క నొప్పి మొదలైన నిమిషం నుంచే, ఆస్పత్రికి చేరినప్పటి నుంచి కాదు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. అదే ఆపరేషన్‌లో రెండో వైపు కూడా మెలిపడకుండా కుట్టేస్తారు.

వెంటనే 108కి ఫోన్ చేయండి. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి, మత్తుమందు ఇవ్వాల్సి రావచ్చు. హైదరాబాద్ నీలోఫర్ పిల్లల ఆస్పత్రికే పోవాలనుకోకండి, అది వంద కిలోమీటర్ల దూరం. దగ్గర్లో సర్జన్, మత్తు డాక్టర్ ఇద్దరూ ఉన్న చోటు చాలు. జనరల్ సర్జన్ కూడా ఈ ఆపరేషన్ చేయగలరు. అనుమానం బలంగా ఉంటే స్కానింగ్ కోసం కూడా ఆగకూడదు.

వృషణాలు మామూలుగానే ఉండి, నొప్పి బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి జరిగితే అపెండిక్స్ కావచ్చు. దానికీ రాత్రే చూపించండి.