గుహలో రాళ్లు చదువుతానంటోంది మా అమ్మాయి, ఏం చెప్పమంటారు?

నంద్యాల నుంచి ఒక నాన్నగారు రాశారు. వాళ్ల అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. దసరా సెలవుల్లో ఇంటిల్లిపాదీ బెలుం గుహలకు పోయొచ్చారట, అప్పట్నుంచి ఆ పిల్ల ఏవేవో వీడియోలు చూసి "ఆ రాళ్లలో వేల ఏళ్ల కిందటి వానలు రాసుంటాయి, నేనదే చదువుతా, ఇంజనీరింగ్ వద్దు" అని మొండికేసి కూర్చుంది. "అసలిది చదువేనా మేడం, దీనికి జీతమిచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా" అని ఆయన అడుగుతున్నారు.

సార్, చదువే. పేలియోక్లైమేటాలజీ అంటారు, అంటే పాతకాలపు వాతావరణాన్ని చదివే శాస్త్రం. మీ పాప చెప్పింది కూడా నిజమే. గుహ పైకప్పు నుంచి కారే నీళ్లు ఎక్కడివి, పైన పడ్డ వానవే కదా, అవి సున్నపురాయిని కాస్త కాస్త కరిగించుకుంటూ దిగి, చుక్క పడ్డచోటల్లా సన్నటి పొర వేసుకుంటూ పోతాయి. ఆ పొరలో ఉండే ఆక్సిజన్‌లో బరువు రకం ఎంత, తేలిక రకం ఎంత అని మాస్ స్పెక్ట్రోమీటర్ అనే, అణువుల బరువు తేల్చే యంత్రంలో కొలుస్తారు, మన రుతుపవనాల ప్రాంతాల్లో వాన గట్టిగా పడిన కాలంలో మామూలుగా బరువు రకం తగ్గుతుంది. పొరలోని యురేనియం ఎంత థోరియంగా మారిందో లెక్కగట్టి దాని వయసు తేలుస్తారు. మేఘాలయలో మామ్లూ గుహ ఉంది, అందులోని ఒక రాయిలో సుమారు 4,200 ఏళ్ల కింద వానలు దెబ్బతిన్న గుర్తు దొరికింది, దాన్ని పట్టుకునే 2018లో అంతర్జాతీయ భూగర్భ శాస్త్రవేత్తల సంఘం అప్పట్నుంచి ఇప్పటిదాకా ఉన్న కాలానికి మేఘాలయన్ అని పేరు పెట్టింది. (బెలుంలో మాత్రం ఒక్క ముక్క కూడా విరగ్గొట్టొద్దని చెప్పండి, ఈ వయసు పిల్లలకి ఉత్సాహం ఎక్కువ.)

ఇదంతా ఎందుకంటారా, మనిషి కొలిచిన లెక్కలు చాలా కొత్తవి సార్. మద్రాసు అబ్జర్వేటరీలో వాన లెక్క 1813 నుంచి ఉంది, మన వాతావరణ శాఖ పెట్టింది 1875లో. అంతకుముందు సంగతి చెట్టునో మంచునో సముద్రం అడుగు బురదనో అడగాల్సిందే. అంటార్కిటికాలో 3 కిలోమీటర్లకు పైగా తవ్వి తీసిన మంచులో 8 లక్షల ఏళ్ల నాటి గాలి బుడగలు అలాగే చిక్కుకుని ఉన్నాయి. అంత దూరం ఎందుకులెండి, మన గోదావరి సముద్రంలో కలిసేచోటికి ఎదురుగా బంగాళాఖాతం అడుగు నుంచి తీసిన బురదలో పాత ఆకుల మైనం దొరికితే, దాన్ని పరీక్షించి గోదావరి పారే ప్రాంతం సుమారు 4 వేల ఏళ్ల నుంచి ఎండుతూ వచ్చిందని 2012లో పేపర్ వేశారు.

ఇంకోటి, దీన్ని మన పిల్లలు ఎవరూ పట్టించుకోరు, నాకు మాత్రం భలే ఇష్టం. మనుషులు రాసిపెట్టినవి కూడా రికార్డే. జపాన్‌లో క్యోటోలో చెర్రీ పూలు ఏ రోజు విరబూశాయో 9వ శతాబ్దం నుంచీ డైరీల్లో దొరుకుతుంది, దాన్నిబట్టి ఆ ఏడు మార్చి నెల ఎంత వెచ్చగా ఉందో లెక్క కడతారు. మనకి కైఫీయతులున్నాయి, అంటే ఊళ్ల చరిత్ర రాసిన పాత రికార్డులు, కాలిన్ మెకంజీ అనే బ్రిటిష్ సర్వే అధికారి ఏలూరు వాళ్లైన కావలి సోదరుల్లాంటి వాళ్లతో ఊరూరా సేకరించినవి, వాటిల్లో క్షామాల ముచ్చట్లు తగులుతాయి. మీ సీమలో పెద్దవాళ్లు ధాత కరువు అంటారు చూడండి, అది ధాత నామ సంవత్సరం, అంటే 1876-77. గుంటూరు వైపు నందన కరువు అంటే 1832-33. పేరులోనే తేదీ ఉంది! కాకపోతే 60 ఏళ్లకోసారి అదే పేరు మళ్లీ వస్తుంది కాబట్టి ఏ ధాతో ఏ నందనో తేల్చుకోవాలి. పాత తెలుగు రాత చదవగలిగి, దానికి స్టాటిస్టిక్స్ కూడా వచ్చినవాళ్లు ఎంతమందుంటారు చెప్పండి? మీ పాపకి తెలుగు బాగా వస్తే దాన్ని వదలనివ్వకండి.

ఇక దారి. ఈ సబ్జెక్ట్ పేరుతో డిగ్రీ వెతకొద్దు, క్లైమేట్ అని బోర్డు కనపడగానే ఏదో ఒక ప్రైవేట్ కాలేజీలో లక్షలు కట్టేయొద్దు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, జియాలజీ, మ్యాథ్స్‌లో ఏదో ఒకటి గట్టిగా పట్టుకుని పైచదువులో ఇటు తిరుగుతారు. మీకు దగ్గర్లో తిరుపతి ఐసర్ ఉంది (సైన్స్ చదువుకీ పరిశోధనకీ కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ), అయిదేళ్ల బీఎస్ ఎంఎస్, ఎర్త్ అండ్ క్లైమేట్ సైన్స్ అక్కడే ఉంది. దానికి ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ రాయాలి, అక్కడే చిక్కు, అందులో బయాలజీ కూడా ఉంటుంది, నాలుగు సబ్జెక్టులకూ సమానంగా 15 ప్రశ్నలు, ఎంపీసీ పిల్లలు చివరి నెలలో ఈ సంగతి తెలుసుకుని లబోదిబోమంటారు. ఇప్పుడే ఒక బైపీసీ పుస్తకం కొనిపెట్టండి. అది రాకపోతే కొంపేం మునగదు, జియాలజీ ఉన్న మామూలు బీఎస్సీ చేసి జామ్‌లో (ఐఐటీల్లో ఎమ్మెస్సీకి పెట్టే పరీక్ష) జియాలజీ పేపర్ రాయొచ్చు, అది కాక ఆంధ్రా యూనివర్సిటీ, ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. ఆ తర్వాత పీహెచ్‌డీకి లక్నోలో బీర్బల్ సహానీ ఇన్‌స్టిట్యూట్, పుణెలో ఐఐటీఎం, అంటే ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (టేకు చెట్ల వలయాల మీద ఎప్పట్నుంచో పని చేస్తున్నారు), అహ్మదాబాద్‌లో ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ (పీఆర్ఎల్), గోవాలో ధ్రువ పరిశోధన కేంద్రం, మన హైదరాబాద్ ఉప్పల్‌లో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్జీఆర్ఐ.

డబ్బు సంగతి దాచను. నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకి 37,000, పైన ఇంటద్దె అలవెన్స్, తర్వాత 42,000. పీహెచ్‌డీ అయ్యేసరికి 28 ఏళ్లు వస్తాయి, పక్కింటి సీఎస్ఈ పిల్ల అప్పటికి కారు కొనేసి ఉంటుంది, ఆ మాట మీ చుట్టాలు మీకు గుర్తు చేస్తూనే ఉంటారు. పర్మినెంట్ సైంటిస్ట్ పోస్టులు కొన్నే. కానీ చేతిలో జియాలజీ ఎమ్మెస్సీ ఉంటే యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాసి జియోలాజికల్ సర్వేకి పోవచ్చు, సముద్రపు బురదలో కంటికి కనపడని గవ్వల్ని గుర్తుపట్టే పని నేర్చుకుంటే ఆయిల్ కంపెనీలకీ అది కావాలి. నాలుగేళ్లలో జీతం ఇంటికి రావాల్సిన పరిస్థితి మీదైతే మాత్రం పాపకి ఆ మాట ఇప్పుడే సూటిగా చెప్పేయండి, ఫైనల్ ఇయర్‌లో కాదు.

ఈలోపు ఒక పని చేయండి. దగ్గర్లో కట్టె అడితికి పోయి లోకల్ టేకు దుంగ అడ్డంగా కోసిన ముక్క ఒకటి అడగండి, ఎప్పుడు కొట్టిందో తెలిసినదైతే మంచిది, బోరు నీళ్లు పెట్టి పెంచిన తోటది మాత్రం వద్దు, దానికి కరువు సంగతి ఏం తెలుస్తుంది పాపం. గరుకు కాగితంతో నున్నగా రుద్ది, బయట నుంచి లోపలికి వలయాలు లెక్కపెట్టి (ఏడాదికొకటి పడుతుంది, వాన తగ్గిన ఏడు మామూలుగా ఇరుకుగా ఉంటుంది), ఇరుకుగా ఉన్నవి ఏ ఏళ్లవో రాసుకుని మీ జిల్లా వాన లెక్కతో పోల్చమనండి. మొదటిసారి ఒక నంబరు వస్తుంది, రెండోసారి ఇంకోటి వస్తుంది. మూడోసారి కూడా విసుక్కోకుండా కూర్చుంటే నాకు రాయండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.