వేడి మీద కిక్‌కు అందని బండి: బోర్ పనికి ముందు టాపెట్ చూడండి

బండి వేడెక్కాక స్టార్ట్ కావడం లేదన్న మీ ప్రశ్నలో నాకు పట్టుకున్న మాట ఒకటే. మీది కార్బొరేటర్ ఉన్న పాత స్ప్లెండర్ బైక్. సర్వీసింగ్ చేయించాక ఇంజిన్ పై భాగమైన హెడ్‌లో టిక్ టిక్ శబ్దం పోయింది. ఆ తర్వాతే తాడిపత్రి నుంచి అనంతపురం వచ్చి కాసేపు ఆపితే, మళ్లీ ఎంత తన్నినా స్టార్ట్ కావడం లేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మాత్రం ఒక్క కిక్కే. మెకానిక్ బోర్ పని, అంటే సిలిండర్ లోపలి గోడ మళ్లీ కోయించడం, అంటున్నాడు. ఇప్పుడే ఇంజిన్ దించనివ్వకండి.

నా బండికీ అచ్చం ఇలాగే అయింది. శబ్దం వస్తోందంటే షెడ్డులో టాపెట్లు, అంటే వాల్వ్‌లను నొక్కే మీటల దగ్గరి సర్దుబాటు స్క్రూలు, బాగా బిగించి ఇచ్చారు. బండి మెత్తగా పోతుంటే సంతోషపడ్డాను. ఎండలో దూరం వెళ్లి ఆపితే మాత్రం కిక్ రాడ్ బలం లేకుండా జారిపోయేది. నెట్టి గేరు వేస్తేనే అందుకునేది. ఇంజిన్ వేడెక్కితే వాల్వ్ కాడ సాగుతుంది. దానికి చోటు ఇవ్వడానికే టాపెట్‌లో ఆ సన్నని సందు. అది లేకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్, అంటే సిలిండర్‌లో నొక్కుకున్న గాలి ఒత్తిడి, బయటికి పోతుంది. అలాగే నడిపితే ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు కాలిపోతుంది, అప్పుడు నిజంగానే హెడ్ విప్పాల్సి వస్తుంది. అందుకే కొంచెం టిక్ టిక్ అనే బండిని చూసి నేను భయపడను, చప్పుడే లేని టాపెట్‌ను చూస్తేనే నాకు టెన్షన్.

టాపెట్ పొద్దున్నే, బండి స్టార్ట్ చేయకముందే పెట్టించండి. వేడి ఇంజిన్ మీద పెట్టినది లెక్కలోకి రాదు. పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వచ్చి, మాగ్నెట్ చక్రం మీద టి గుర్తు కలిసినప్పుడు, సన్నని సందులు కొలిచే రేకుల ఫీలర్ గేజ్‌తో చూడాలి. ఆ సందు 0.1 మిల్లీమీటరు కంటే తక్కువే, కాబట్టి చేతి అంచనా కుదరదు. మీ మోడల్‌కు ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. గేజ్ లేదనే షెడ్డులో ఈ పని ఇవ్వకండి.

దానికంటే ముందు రోడ్డు మీదే చూసుకోగలిగినవి రెండున్నాయి. బండి మొరాయించినప్పుడు పెట్రోల్ ట్యాంక్ మూత తీయండి. గాలి లోపలికి లాక్కున్న శబ్దం వచ్చి, కాసేపటికి బండి స్టార్ట్ అయితే మూతలోని గాలి రంధ్రం పూడుకున్నట్టే. తాడిపత్రి రాతి పాలిష్ యూనిట్ల వైపు తిరిగే బండ్లకు రాతి పొడి మూతలోకీ, ఎయిర్ ఫిల్టర్‌లోకీ చేరుతుంది. పేపర్ ఫిల్టర్‌ను కడగొద్దు, మార్చేయండి. రెండోది ప్లగ్. విప్పి క్యాప్‌లో పెట్టి, దాని ఇనుప భాగం ఇంజిన్‌కు తగిలేలా ఉంచి కిక్ కొట్టించండి. ప్లగ్ రంధ్రానికి దూరంగా పట్టుకోండి, అక్కడ పెట్రోల్ ఆవిరి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు నీలంగా వచ్చే నిప్పు వేడి మీద రాకపోతే తప్పు చాలావరకు కాయిల్‌లోనో, ప్లగ్‌కు నిప్పు పంపే సీడీఐ పెట్టెలోనో ఉంటుంది, టాపెట్ జోలికి పోనక్కర్లేదు.

ఇంజిన్ ఎడమ వైపు గరగర శబ్దం కూడా వస్తోందన్నారు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఎక్కువైతే చాలావరకు వాల్వ్‌లను నడిపే టైమింగ్ చైన్, దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్. ముందు ఆయిల్ మట్టం చూడండి. శబ్దం అణచడానికి చిక్కని ఆయిల్ పోయమంటారు, వినకండి. ఈ ఇంజిన్‌కు కంపెనీ చెప్పింది 10డబ్ల్యూ-30. చిక్కని ఆయిల్ చప్పుడును కప్పిపెడుతుంది, అరుగుదలను ఆపదు.

టక్ టక్ అని కింది నుంచి బరువుగా, ఎత్తు ఎక్కేటప్పుడు మరింత గట్టిగా వస్తే మాత్రం అది పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ కావచ్చు. అలాంటి శబ్దం వింటే అక్కడే ఆపేసి, బండిని ఆటోలో వేసుకుని షెడ్డుకు తీసుకెళ్లండి.