నీళ్లలో ఉన్న పత్తి ఎందుకు వాడిపోయింది?

సందేహం: మా పత్తి పూత, కాయ మీద ఉంది. పెద్ద వాన పడి రెండు రోజులు చేలో నీరు నిలిచింది. వాన వెలిసి ఎండ కాయగానే మొక్కలు ఒక్కసారిగా తలలు వాల్చేశాయి. కింద బురద, పైన మాత్రం నీళ్లు లేనట్టు ఆకులు వేలాడుతున్నాయి. పక్క మడిలో వరి అంతే నీళ్లలో పచ్చగా ఉంది. యూరియా చల్లమని ఒకరు, వేరుకుళ్లుకు మందు పోయమని మరొకరు చెబుతున్నారు. ఏం చేయాలి?

సలహా: చేతిలో యూరియా బస్తా ఉంటే ముందు దాన్ని పక్కన పెట్టండి. ఇప్పుడు నేలలో వేసే ఎరువు మొక్కకు అందదు.

వడలిన మొక్కనొకదాన్ని వేర్లతో సహా తవ్వి తీసి, కాండం మొదలును చాకుతో నిలువుగా చీల్చి చూడండి. లోపల గోధుమ రంగు చారలుంటే ఎండు తెగులు. లాగగానే మొక్క సులువుగా ఊడివచ్చి, వేరు బెరడు పీలికలుగా లేస్తుంటే వేరుకుళ్లు. కాండం లోపల తెల్లగా, తల్లివేరు గట్టిగా ఉంటే అది తెగులు కాదు, పారావిల్ట్, అంటే తెగులు లేకుండానే మొక్క ఒక్కసారిగా వడలిపోవడం. ఎండ రాగానే ఒక్కసారిగా వాడిపోయాయన్నారు కాబట్టి మీ చేలోదీ చాలావరకు ఇదే అనుకుంటున్నాను.

నీళ్లలో ఉండి నీళ్లు తాగలేకపోవడం ఏమిటన్నది మీ అసలు అనుమానం. వేరు దానంతటదే నీటిని పీల్చుకుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి వేరు లోపలి వలయం దగ్గర కణాల మధ్య సందులను నీరు చొరని కాస్పేరియన్ పట్టీ మూసేసి ఉంచుతుంది. అక్కడి నుంచి నీరు, పోషకాలు ముందుకు పోవాలంటే ఏదో ఒక కణం పొర దాటాల్సిందే. ఆ పొర కొవ్వు పదార్థంతో ఏర్పడింది కాబట్టి నీరు దాని గుండా తేలిగ్గా పోదు. అందుకే పొరలో అడ్డంగా అమరిన రవాణా ప్రొటీన్లు ఉంటాయి. నీటిని పంపే వాటిని ఆక్వాపోరిన్లు అంటారు. 1992లో వీటిని మనిషి ఎర్ర రక్తకణాల్లో గుర్తించిన శాస్త్రవేత్త పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. మొక్కల వేర్లలో ఇవి రకరకాలుగా ఉన్నాయి.

ఈ ప్రొటీన్ గొలుసు పొరను ఆరుసార్లు దాటుతూ మడత పడి, రెండు గరాటాల సన్నటి కొసలను ఒకదానికొకటి ఆనించినట్టు మధ్యలో సన్నబడే దారిని ఏర్పరుస్తుంది. ఆ ఇరుకు నానోమీటరులో మూడో వంతు కూడా ఉండదు. నీటి అణువులు ఒకదాని వెనక ఒకటి వరుసలో దూరాల్సిందే. అయినా ఒక్క దారి గుండా సెకనుకు వంద కోట్ల అణువుల దాకా పోగలవు.

ఈ దారి అన్నివేళలా తెరిచే ఉండదు, అవసరమైతే మూసుకుపోతుంది, మీ చేలో జరిగింది అదే. నేల రంధ్రాల్లో నీరు నిండితే ఆక్సిజన్ గాలిలో కంటే దాదాపు పది వేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. వేరు కణాలకు ఊపిరాడదు. వాటి శక్తి నిల్వ అయిన ఏటీపీ తగ్గిపోతుంది, కణద్రవం పుల్లబడుతుంది. ఆ ఆమ్లత్వాన్ని ఆక్వాపోరిన్‌లోని హిస్టిడిన్ అనే ఒక్క అమైనో ఆమ్లం పసిగడుతుంది. వెంటనే ప్రొటీన్‌లోని ఒక మెలిక వంగి దారిని లోపలి వైపు నుంచి మూసేస్తుంది. పరిశోధనల్లో ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క వేర్ల మీద చేసిన ప్రయోగాల్లో 2003లో ఇది తేలింది. 2006లో పాలకూర ఆక్వాపోరిన్ నిర్మాణాన్ని మూసిన స్థితిలోనూ తెరిచిన స్థితిలోనూ చూడగలిగారు. మబ్బు ఉన్నంతసేపు ఆకులకు నీటి అవసరం తక్కువ కాబట్టి ఇదేదీ పైకి కనబడదు. ఎండ కాయగానే ఆకు నీరు కోల్పోతుంది, కింది నుంచి అంత నీరు రాదు, మొక్క వాలిపోతుంది.

ఎరువు సంగతీ అంతే. వేరు కణాలు ఏటీపీని ఖర్చు చేసి, ధనావేశం ఉన్న ప్రోటాన్లను పంపులా బయటికి తోస్తాయి. అలా తోస్తేనే కణం లోపల రుణావేశం నిలిచి పొటాష్ లోపలికి వస్తుంది. నైట్రేటు కూడా తిరిగి వచ్చే ప్రోటాన్లతో కలిసే లోపలికి చేరుతుంది. ఏటీపీ లేకపోతే ఆ పంపు ఆగిపోతుంది. పైగా లోపలున్న పొటాష్ కూడా బయటికి కారిపోతుంది. ఇక నిలిచిన నీటిలో నత్రజని ఎరువు వేస్తే చాలావరకు వృథా అవుతుంది.

వరికి ఈ బాధ లేదు. దాని వేర్లలో ఆకుల నుంచి గాలి దిగే గదులున్నాయి, ఆ గాలి మధ్యలోనే బయటికి పోకుండా వేరు చుట్టూ అడ్డుగోడ కూడా ఉంటుంది. పత్తికి ఆ ఏర్పాటు లేదు.

కాబట్టి ఈ రోజే సాళ్ల మధ్య కాలువ తీసి నీటిని బయటికి పంపండి. మిగతా పనులన్నీ దీని తర్వాతే. వడలడం మొదలైన కొన్ని గంటల్లోనే అయితే కోబాల్ట్ క్లోరైడ్‌ను 100 లీటర్ల నీటికి 1 గ్రాము చొప్పున కలిపి పిచికారీ చేయవచ్చు. ఊపిరాడని మొక్కలో పుట్టి ఆకులు, కాయలు రాలేట్టు చేసే ఇథిలీన్‌ను అది తగ్గిస్తుంది. ఆలస్యమైతే దానివల్ల పెద్దగా లాభం ఉండదు. ఆకులు తేరుకున్నాక 13-0-45 (పొటాషియం నైట్రేట్) ఎరువును లీటరు నీటికి 10 గ్రాములు కలిపి, వారం తేడాతో రెండుసార్లు చల్లండి. ఆకు కణాలకు గాలి అందుతుంది, వాటి పంపులు పని చేస్తూనే ఉంటాయి. అందుకే వేరు తీసుకోలేని పోషకాన్ని ఆకు తీసుకోగలదు.

నేల పదునుకు వచ్చాక పైపైన గుంటక తోలండి. వేర్లకు గాలి తగిలితే దారులు మళ్లీ తెరుచుకుంటాయి. చచ్చిన వేరు కొసలు మాత్రం తిరిగి బతకవు, కొత్తవి రావాలి. ఆ కొత్త వేర్లు వచ్చాకే పైపాటు యూరియా, పొటాష్ మొక్క మొదలుకు కాస్త దూరంగా వేయండి.