ఇన్‌కరెక్ట్‌లో 'ఇన్', ఇంపాసిబుల్‌లో 'ఇమ్' ఎందుకు?

కడపలో ట్యూషన్ చెప్పేటప్పుడు పిల్లలు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది: అర్థం 'కాదు' అనే అయినప్పుడు ఇన్‌కరెక్ట్, ఇంపాసిబుల్, ఇల్లీగల్, ఇర్రెగ్యులర్ అని ఇన్ని రూపాలెందుకు?

అవన్నీ లాటిన్ నుంచి వచ్చిన ఒకే 'ఇన్'. పక్కనున్న ధ్వనిని బట్టి మారింది, అంతే. 'ప' పలకాలంటే పెదాలు కలవాలి కదా, ఆ తొందరలో 'న' కాస్తా 'మ' అయింది. 'ల' ముందు ఇల్, 'ర' ముందు ఇర్. మన సంధుల్లోనూ ఇదే జరుగుతుంది: ఉత్ + లాసం ఉల్లాసం, సత్ + జనుడు సజ్జనుడు. పిల్లలకు ఇలా చెబితే టెన్షన్ లేకుండా పట్టుకుంటారు.

అన్‌హ్యాపీలోని 'అన్' ఇంగ్లీషు సొంతం, ఏ అక్షరం ముందైనా రాతలో మారదు. నాకు బాగా నచ్చే సంగతి ఏమిటంటే ఈ అన్, ఆ ఇన్, సంస్కృతం నుంచి మనకొచ్చిన 'అనర్హుడు'లోని అన్, మూడూ ఒకే ప్రాచీన మూలానివి.

'డిస్' అంటే మొదట విడిగా, దూరంగా అని: డిస్‌కనెక్ట్, డిస్మిస్.

ఒక్కచోట మాత్రం జాగ్రత్త. ట్యాంకర్ మీద 'ఇన్‌ఫ్లేమబుల్' అని ఉంటే మండదని కాదు, ఇట్టే అంటుకుంటుందని. అక్కడి 'ఇన్' వేరే, దానికి 'లోపలికి' అని అర్థం.